పొడవాటి ట్రైలర్ మా ఊరి మలుపులోకి రావచ్చా?

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా. జాతీయ రహదారికి మూడు కిలోమీటర్లు లోపల ఉంటుంది మా ఊరు. రెండేళ్ల కిందట ఊరి చివర పెద్ద గోడౌన్ కట్టారు. అప్పట్నుంచి కంటైనర్ ట్రైలర్లు రాత్రీ పగలూ మా రోడ్డు మీదే తిరుగుతున్నాయి. రామాలయం దగ్గర మలుపులో మా ఇల్లు. ఈ ఏడాది రెండుసార్లు ట్రైలర్ వెనక భాగం మా ప్రహరీని గుద్దింది. రెండోసారి గేటు స్తంభం కూలిపోయింది. పక్కనే అంగన్‌వాడీ ఉంది, పిల్లల గురించి టెన్షన్‌గా ఉంటోంది. డ్రైవర్లను అడిగితే 'గవర్నమెంటే లారీల పొడవు పెంచింది, మీరేం చేయలేరు' అంటున్నారు. నిజమేనా? వీటిని ఆపించవచ్చా? గోడ ఖర్చు ఎవరి దగ్గర రాబట్టుకోవాలి? పేరు రాయవద్దు.

జవాబు: డ్రైవర్లు చెప్పిన మాటలో సగం నిజముంది. పొడవు పెంచిన మాట వాస్తవం. మీరేం చేయలేరన్నది మాత్రం తప్పు. బండి పొడవు చట్టానికి లోబడి ఉందా అన్నది ఒక సంగతి. ఆ బండి ఫలానా రోడ్డులోకి రావచ్చా అన్నది ఇంకో సంగతి. ఈ రెండింటికీ చట్టంలో వేర్వేరు సెక్షన్లున్నాయి. మీ ఊళ్లోనే కాదు, చాలాచోట్ల ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నారు.

ముందు పొడవు సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 110వ సెక్షన్ కింద బండి పొడవు, వెడల్పు, ఎత్తు ఎంత ఉండాలో నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం. ఆ లెక్కలు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 93వ రూల్‌లో ఉన్నాయి. ట్రైలర్ లేని మామూలు లారీకి హద్దు 12 మీటర్లు. ముందు ఇంజన్ బండి, వెనక తగిలించిన సెమీ ట్రైలర్ ఉండే ఆర్టిక్యులేటెడ్ బండికి మొదట్లో 16 మీటర్లు, లారీకి విడి ట్రైలర్ తగిలిస్తే 18 మీటర్లు అని రాశారు. తర్వాత సవరణలు వచ్చాయి. కార్లు మోసే ట్రైలర్లకు 18.75 మీటర్లు ఖాయం చేశారు. అంతకుముందు అవి 22 మీటర్ల దాకా పెరిగిపోయి తిరుగుతుండేవి. 2020 జూన్‌లో 93వ రూల్‌ను మళ్లీ తిరగరాసి, ఒకే ఇంజన్ బండి వెనక ఒకటికి మించి ట్రైలర్లు లాగే రోడ్ ట్రైన్‌ను మొదటిసారి చేర్చారు. దాని పొడవు 25.25 మీటర్లు, కానీ ఎంపిక చేసిన మార్గాల్లోనే. 2025లో నాగ్‌పూర్, భివండీ మధ్య అలాంటి ఓల్వో బండిని దింపారు కూడా. మీ డ్రైవర్లు విన్నది బహుశా ఈ వార్తే. అంత పొడవు బండికి అనుమతి ఎంపిక చేసిన మార్గాల వరకే. మీ రామాలయం మలుపు అందులో ఉండదు.

మీ రోడ్డు మీదికి వచ్చే ట్రైలర్‌కు హద్దు ఎంతన్నది దాని రకాన్ని బట్టి, ఇరుసులను బట్టి మారుతుంది. అందుకని పొడవు మీద అనుమానం ఉంటే మీరు వాదనకు దిగొద్దు. మన దగ్గర బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటామే, ఆ ఎంవీఐకి ఫిర్యాదు ఇవ్వండి. ఆయన టేపు పట్టి కొలిచి, రిజిస్ట్రేషన్ కాగితాలతో సరిచూస్తారు. ఛాసిస్‌ను కోసి అతికించి పొడవు పెంచిన బండి అయితే 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. కంపెనీ ఇచ్చిన అసలు కొలతలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సరుకు బాడీ దాటి పొడుచుకు వస్తే 194(1ఏ) కింద 20,000 రూపాయల జరిమానా, పైగా సరుకు దింపి సరిచేసే దాకా బండి కదలకూడదు. అనుమతి పత్రం ఉన్న బండ్లకు ఇందులో మినహాయింపు ఉంది. అనంతపురం వైపు గాలిమరల రెక్కలు మోసుకుపోయే బండ్లను చూసే ఉంటారు. అవి మామూలు హద్దులకు చాలా మించిన పొడవు, అయినా అనుమతితోనే వెళతాయి. పొడవుగా కనిపించిన ప్రతి బండీ దొంగ బండి కాదు.

నా అనుమానం ఏమిటంటే, మీ ఊరికి వచ్చే ట్రైలర్లలో ఎక్కువ వాటి కొలతలు సరిగానే ఉంటాయి. అయినా మీ గోడ కూలింది. ఎందుకని? పొడవాటి ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో నడవవు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. వెనక ఇరుసు దాటి వేలాడే భాగం బయటి వైపుకు ఊగుతుంది. డ్రైవర్‌కు అద్దంలో ఇది పూర్తిగా కనపడదు. బ్రిటన్‌లో సెమీ ట్రైలర్‌ను 13.6 మీటర్ల నుంచి 15.65 మీటర్లకు పెంచడం మీద ఏళ్ల తరబడి నడిచిన గొడవలో ఈ వెనక ఊపు గురించే పెద్ద చర్చ. వాళ్లు 2012 నుంచి ప్రయోగంగా నడిపి చూసి, 2023 మే 31 నుంచి అందరికీ అనుమతిచ్చారు. అయితే ఆ ట్రైలర్ ఏ దారిన వెళుతుందో ముందే ప్లాన్ చేసుకుని, ప్రమాదాలను అంచనా వేసుకుని నడపాలని యజమాని మీద బాధ్యత పెట్టారు. తక్కువ ట్రిప్పులు, తక్కువ డీజిల్ అన్న వాదన అక్కడా ఇక్కడా ఒకటే. అది కాదనలేని వాదనే. దారి సంగతి ఎవరు చూస్తారన్న దగ్గరే మనం వెనకబడ్డాం. ఫోన్‌లో మ్యాప్ ఏ సందు చూపిస్తే డ్రైవర్ ఆ సందులో దూరుతున్నాడు.

దారి సంగతి చూడటానికి మనకూ చట్టం ఉంది, వాడేవాళ్లే తక్కువ. అదే 115వ సెక్షన్. ప్రజల భద్రత కోసం గానీ సౌకర్యం కోసం గానీ, లేదా రోడ్డు, వంతెన తీరును బట్టి గానీ, ఒక ప్రాంతంలో లేదా ఒక రోడ్డు మీద ఫలానా రకం వాహనాలను నిషేధించే, ఆంక్షలు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన వారికి ఉంది. మామూలుగా గెజిట్‌లో ప్రకటించాలి. నెలకు మించని ఆంక్షకైతే గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా ప్రకటిస్తే చాలు. కాబట్టి మీరు మొదటి అర్జీలోనే శాశ్వత నిషేధం అడగకండి. అంగన్‌వాడీ నడిచే వేళల్లో ట్రైలర్లు రాకుండా ఒక నెల ఆంక్ష పెట్టమనండి. ఆ నెలలో ఏం తేడా వచ్చిందో చూపించి తర్వాతది అడగండి. అధికారులకు చిన్న సంతకం పెట్టడం తేలిక.

అర్జీకి ముందు గ్రామసభలో తీర్మానం చేయించండి. రోడ్డు ఎవరిదో కనుక్కోండి. పంచాయతీదా, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లదా, ఆర్ అండ్ బీదా? మలుపు దగ్గర రోడ్డు వెడల్పు కొలిచి రాయండి. దారిలో కల్వర్టు ఉంటే దాని స్థితి మీద ఇంజనీరు మాట తీసుకోండి. 115 కింద వంతెన కారణానికి విలువ ఎక్కువ. తీర్మానం, ఫొటోలు జతచేసి కలెక్టర్‌కు ఇవ్వండి, రవాణా శాఖకూ ఎస్పీకీ కాపీలు పెట్టండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే. వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టమని అర్జీలోనే ఒక వాక్యం చేర్చండి. గోడౌన్‌కు ప్లాన్ మంజూరు చేసినప్పుడు దారి వెడల్పు గురించి ఏం రాశారో సమాచార హక్కు కింద అడగండి. పంచాయతీ స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు. ఇవేవీ కదలకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ కింద, ప్రజలకు ఇబ్బంది కలిగిస్తున్నదాన్ని తొలగించమని ఆర్డీవో దగ్గర దరఖాస్తు వేయవచ్చు. ఆ తర్వాతే హైకోర్టులో రిట్.

ఒక్క పని మాత్రం చేయకండి. ఊరివాళ్లు కలిసి రోడ్డుకు అడ్డంగా ఇనప స్తంభాలో, బండరాళ్లో పెట్టడం. కోపంలో చాలా ఊళ్లలో ఇదే చేస్తారు. అప్పుడు 108 బండీ రాదు, ఫైరింజనూ రాదు. కేసు మీ మీదే పడుతుంది, భారతీయ న్యాయ సంహిత 285 కింద.

ఇక గోడ. మనిషికి దెబ్బ తగిలితేనే ట్రిబ్యునల్ అనుకుంటారు చాలామంది. ఆస్తి నష్టానికీ మోటారు వాహనాల చట్టంలోని 165, 166 సెక్షన్ల కింద మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ట్రిబ్యునల్ ఉన్న ప్రాంతంలో ఇలాంటి క్లెయిమ్‌ను సివిల్ కోర్టు వినదు, 175వ సెక్షన్ అడ్డం వస్తుంది.  ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ కూడా నేరుగా పార్టీ అవుతుంది. డ్రైవర్, యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. మీ మొదటి ప్రమాదం తేదీ వెంటనే చూసుకోండి.

రుజువు ఎలా? ఆస్తికి నష్టం జరిగినా డ్రైవర్ పోలీసులకు చెప్పాలి, 24 గంటలు దాటకూడదని 134వ సెక్షన్ చెబుతోంది. మీ డ్రైవర్లు చెప్పి ఉండరు. మీరే స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. బండి నంబరు తెలిస్తే ఎంపరివాహన్ యాప్‌లో బీమా ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. నంబరు తెలియకపోతే గోడౌన్ గేటు రిజిస్టరు ఉంటుంది, దాన్ని రప్పించమని పోలీసులను కోరండి. 133 కింద బండి యజమాని ఆ రోజు డ్రైవర్ ఎవరో చెప్పి తీరాలి. మేస్త్రీతో రాతపూర్వకంగా అంచనా వేయించండి, స్తంభం మీద పడ్డ రంగు, గీతలు ఫొటోలు తీయకుండా కట్టడం మొదలుపెట్టకండి. మలుపు లోపలి వైపు గోడ అయితే చక్రాల గుర్తులు నేల మీద కూడా ఉంటాయి, వాన పడకముందే తీయండి.

చిన్న మొత్తం కాబట్టి గోడౌన్ యజమానితో మాట్లాడుకుని రాజీ పడదామని కూడా మీకు అనిపించవచ్చు. పడండి, తప్పులేదు. కానీ డబ్బు ముట్టినట్టు రాసే కాగితంలో 'ఇకపై ట్రైలర్ల రాకపోకలకు నాకు అభ్యంతరం లేదు' అన్న లైను చేరుస్తారేమో చూసుకోండి. ఆ లైను ఉంటే సంతకం పెట్టకండి.