పాత రంగుల ఫోటో పాతగా ఎందుకు అనిపించదు?

ప్రశ్న: అమెరికాలో 1940ల్లో పెద్ద కెమెరాలతో తీసిన రంగుల ఫోటోలు ఈమధ్య చూశాను. ఎనభై ఏళ్లు దాటినా నిన్న తీసినట్టున్నాయి. నా ఫోన్‌లో ఎన్ని మెగాపిక్సెళ్లున్నా ఆ అందం రావడం లేదు. అది నిజంగా ఫోటోలో ఉందా, పాత కాలం మీద మనకుండే మమకారమేనా?

జవాబు: ఫోటోలోనే ఉంది. మీకు గానీ నాకు గానీ ఆ కాలంతో, ఆ మనుషులతో ఏ బంధమూ లేదు కదా, ఇక మమకారం ఎక్కడి నుంచి వస్తుంది?

నాలుగు అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల పొడవున్న రంగుల ట్రాన్స్‌పరెన్సీని (నెగెటివ్ కాకుండా అసలు రంగుల్లోనే బొమ్మ ఉండే పారదర్శక ఫిల్ము షీటు, దీన్నే పాజిటివ్ అంటారు) నేను మొదటిసారి చేతిలోకి తీసుకున్న రోజు ఇంకా గుర్తుంది. కింది నుంచి వెలుతురు వచ్చే లైట్ బాక్స్ మీద పెట్టి, లూప్ అనే చిన్న భూతద్దం ఆనించి వంగి చూశాను. వరండాలో కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ. ముందు ఆవిడ చేతుల మీది నరాలు కనిపించాయి. లూప్ కొంచెం జరిపితే స్వెట్టర్ అల్లిక, ఒక్కో కుట్టూ విడివిడిగా. ఇంకా జరిపితే వెనక కిటికీ అద్దంలో ఫోటోగ్రాఫర్ ట్రైపాడ్ కాళ్లు! అప్పటికి పదేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. కానీ ఒక ఫోటోలో అలా నడిచి తిరగవచ్చని ఆ రోజే తెలిసింది.

దీని వెనక లెక్క చాలా సులువు. మామూలు 35 ఎంఎం ఫ్రేము 24 మిల్లీమీటర్లు, 36 మిల్లీమీటర్లు. నాలుగు-ఐదు షీటు విస్తీర్ణం దానికి దాదాపు 15 రెట్లు, ఎనిమిది-పది అంగుళాల షీటుది దాదాపు 60 రెట్లు. ఎంత తక్కువ పెద్దది చేస్తే గ్రెయిన్ (ఫిల్ము మీది సన్నని రేణువులు) అంత తక్కువ కనిపిస్తుంది. వివరాలు ఎక్కువగా కనిపించడం ఇందులో సగమే. చెంప మీద వెలుగు నీడలోకి జారే చోట రంగు మెట్లుమెట్లుగా కాక మెత్తగా మారుతుంది. ఫోన్ ఫోటోలో సాఫ్ట్‌వేర్ పదును పెట్టేసిన అంచులు చూసి చూసి ఉన్న కంటికి ఆ మెత్తదనమే హాయిగా ఉంటుంది.

రెండో కారణం నా దృష్టిలో ఇంకా పెద్దది. అప్పటి కోడాక్రోమ్ (కోడాక్ వారి రంగుల పాజిటివ్ ఫిల్ము) షీట్ ఫిల్మ్ వేగం, అంటే వెలుతురుకి స్పందించే గుణం, నేటి లెక్కలో దాదాపు 10 ఐఎస్‌ఓ, చాలా తక్కువ. మంచి ఎండలో కూడా, ముందూ వెనకా అంతా స్పష్టంగా రావాలని లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్/32 పెడితే షటర్ దాదాపు అర సెకను తెరిచి ఉండాలి. కాబట్టి ఎదుటి మనిషి కదలకుండా నిలబడాలి. ఫోటోగ్రాఫర్ ముందు నల్లగుడ్డ కింద దూరి, గరుకు అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి ఫోకస్ చేస్తాడు. తర్వాత ఆ అద్దం ముందు ఫిల్ము ఉన్న హోల్డర్ పెడతాడు. ఇక ఆ క్షణం నుంచి ఆ బొమ్మ ఆయనకూ కనిపించదు. గుడ్డలోంచి బయటికొచ్చి, కెమెరా పక్కన నిలబడి, ఎదుటి మనిషిని తన కళ్లతో చూస్తూ షటర్ నొక్కుతాడు. ఆ ముఖాల్లో మీకు కనిపించే నిదానం, తమను ఒకరు శ్రద్ధగా చూస్తున్నారని తెలిసిన మనిషి నిదానం.

మీరు చూసినవి బహుశా అమెరికా ప్రభుత్వం 1939–44 మధ్య తీయించినవి అయ్యుంటాయి. అలాంటి రంగుల ఫోటోలు 1,600 దాకా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. అన్నీ పెద్ద షీట్లు కావు, 35 ఎంఎంవీ ఉన్నాయి. ఆల్‌ఫ్రెడ్ పామర్ విమాన కర్మాగారాల్లో తీసిన మహిళా కార్మికుల ఫోటోలు, జాక్ డెలానో తీసిన రైల్వే ఫోటోలు వెతికి చూడండి. 1943 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రంలోని క్లింటన్‌లో, ఇంజన్లు తుడిచే ఆడవాళ్లు తలకు గుడ్డలు కట్టుకుని మధ్యాహ్న భోజనం చేస్తున్న ఫోటో ఒకటుంది. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

రంగు నిలవడానికి కారణం రసాయనం. మిగతా రంగు ఫిల్ముల్లో రంగు పుట్టించే పదార్థం ఎమల్షన్‌లోనే, అంటే బొమ్మ పడే పూతలోనే, కలిపి ఉంటుంది. కోడాక్రోమ్‌లో దాన్ని డెవలప్ చేసేటప్పుడు బయటి నుంచి ఇస్తారు. మిగిలిపోయి తర్వాత పాడుచేసేది లోపల ఏమీ ఉండదు. చీకట్లో దాచితే ఆ రంగులు దశాబ్దాల పాటు చెక్కుచెదరవు. షీటును వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఎమల్షన్ వైపు బొమ్మ సన్నగా చెక్కినట్టు ఎత్తుపల్లాలుగా కూడా కనిపిస్తుంది.

ప్రశ్న: మా పెద్దవాళ్ల పెట్టెలో పెద్ద సైజు రంగు పాజిటివ్‌లు దొరికాయి. కొన్ని పూర్తిగా ఎర్రబడ్డాయి. పారేయాలా?

జవాబు: దయచేసి పారేయకండి. సయాన్ (నీలి-ఆకుపచ్చ) రంగు ముందుగా వెలిసిపోతే మిగిలింది ఎర్రగా కనిపిస్తుంది, అంతే. వివరాలన్నీ అలాగే ఉంటాయి. గుడ్డతో తుడవకండి, బొమ్మ మీద వేలు పెట్టకండి, అంచులే పట్టుకోండి. పీవీసీ కవర్లు తీసేసి పాలియెస్టర్ కవర్లలో పెట్టండి. వెనిగర్ వాసన వచ్చేవి ఉంటే వెంటనే వేరే పెట్టెలోకి మార్చండి, వాటి ఆధారపు పొర కుళ్లుతోందన్నమాట, పక్కవాటికీ చేటు.

పాజిటివ్‌లకు కూడా పనికొచ్చే స్కానర్‌లో, 16 బిట్ రంగులో స్కాన్ చేయించండి. 2,000 డీపీఐ (అంగుళానికి 2,000 చుక్కలు) పెట్టినా నాలుగు-ఐదు షీటుకి 8 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. సరిచేయని ఫైలు ఒకటి విడిగా ఉంచుకోండి. రంగు దిద్దడం తర్వాత నిదానంగా చేసుకోవచ్చు, టెన్షన్ పడకండి. అసలు షీట్లను చల్లగా, పొడిగా, చీకట్లో దాచండి. ఫ్రిజ్‌లో పెడితే గాలి చొరబడని సంచిలో పెట్టాలి. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, లేదంటే చెమ్మ పడుతుంది.

ప్రశ్న: అలాంటివి ఇప్పుడు తీయగలమా?

జవాబు: కోడాక్రోమ్ మీద కాదు. దాని తయారీ 2009లో ఆగింది, డెవలప్ చేసే చివరి ల్యాబ్ 2010 డిసెంబరు చివర్లో కొత్త ఫిల్ములు తీసుకోవడం ఆపేసింది. కోడాక్ వారి మరో రంగుల పాజిటివ్ ఫిల్ము ఎక్టాక్రోమ్ మాత్రం మళ్లీ షీట్లలో వస్తోంది. ఒక పాడైన షీటు సంపాదించి, కళ్లు మూసుకుని హోల్డర్‌లోకి ఎక్కించడం ముందు నేర్చుకోండి, అసలు ఫిల్ముని చీకట్లోనే ఎక్కించాలి కదా. షీటు నిలువుగా పట్టుకున్నప్పుడు దాని అంచున ఉండే గాట్లు పైన కుడి మూల వేలికి తగిలితే, ఎమల్షన్ మీ వైపు ఉన్నట్టు.