మూల్యాంకనంలో మూలం ఎక్కడ?

సందేహం: దాతల నిధులతో నడిచే ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టుకు తెలుగులో కరదీపిక తయారు చేస్తున్నాం. ‘మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్’ను ‘పర్యవేక్షణ – మూల్యాంకనం’ అన్నాం. మా క్షేత్రసిబ్బందికి పర్యవేక్షణ అంటే పైఅధికారి తనిఖీ, మూల్యాంకనం అంటే పదో తరగతి పేపర్లు దిద్దడం. కొందరు ‘మూల్యాంకణం’ అని కూడా రాస్తున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: ‘మూల్యాంకణం’ తప్పు. పర్యవేక్షణలో షకారం ఉంది కనుక ణత్వం వచ్చింది, అంటే నకారం ణకారమైంది. మూల్యం, అంకనం కలిస్తే మూల్యాంకనం. ఆ అంకనంలో రేఫ (రకారం) లేదు, షకారం లేదు, ఇక ణకారానికి పనేముంది?

మూల్యాంకనాన్ని పేపర్లు దిద్దే గదికి పరిమితం చేసినందుకు మీ సిబ్బందిని తప్పుపట్టను. పత్రికలు ఈ మాటకు చేసిన అన్యాయం అంతకన్నా పెద్దది. ‘భారీ మూల్యం చెల్లించుకున్నారు’ అని రాసి రాసి మూల్యాన్ని జరిమానాగా మార్చేశాయి. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఈ మాటను ఎంత శ్రద్ధగా చూశాడో గమనించండి. అష్టాధ్యాయి నాలుగో అధ్యాయం నాలుగో పాదంలో ఒక సూత్రం (4.4.91) ఎనిమిది మాటలకు ఎనిమిది అర్థాలను వరుసగా జతచేస్తుంది. నావతో దాటదగినది నావ్యం, వయసులో సమానుడు వయస్యుడు, తులతో తూగినది తుల్యం. ఆ ఎనిమిదింటిలో ‘మూల’ శబ్దం ఒక్కటే రెండుసార్లు వస్తుంది. అక్షరం పొదుపు చేయడమే వ్రతంగా పెట్టుకున్నవాడు ఒకే మాటను పక్కపక్కనే రెండుసార్లు చెప్పాడంటే ఊరికే కాదు. మూలం అంటే పెట్టిన మొదలు. దానితో సాధించుకోదగినది, అంటే మొదలు మీద కలిసివచ్చేది, ఒక మూల్యం. మొదలుకు సమానమైనది రెండో మూల్యం.

నిధులిచ్చినవాడు అడిగే ప్రశ్న ఈ రెండింటిలోనే ఉంది: పెట్టినదానికి సరిపోయిందా, పైన ఏమైనా కలిసివచ్చిందా? దీనికి జవాబు చెప్పాలంటే ముందు మూలం తెలియాలి. ప్రాజెక్టులో డబ్బు ఒక్కటే మూలం కాదు, పని మొదలుకాక ముందున్న స్థితి కూడా మూలమే. దాన్ని కొలిచేదే బేస్‌లైన్ సర్వే. నిధులు ఆలస్యమయ్యాయనో, సిబ్బంది దొరకలేదనో పని మొదలైన ఆరు నెలలకు ఆ సర్వే చేస్తే, అప్పటికే వచ్చిన మార్పు కూడా మూలంలో కలిసిపోతుంది. చివరి సర్వేలో తేడా చిన్నదిగా కనిపిస్తుంది. పోల్చడానికి ప్రాజెక్టు లేని మండలాలు కూడా లేకపోతే, వచ్చిన మార్పు ప్రాజెక్టు వల్లనా, కాలంతో వచ్చిందా అన్నది తేలదు.

అంకనమంటే గుర్తు వేయడం. పశువులకు వాత వేయడం కూడా అంకనమే. కొన్ని నివేదికలు ఈ రెండో అర్థానికే దగ్గరగా ఉంటాయి.

ఇక పర్యవేక్షణ. పరి, అవ, ఈక్షణ: చుట్టూ తిరిగి, జాగ్రత్త తీసుకుంటూ చూడడం. ఏడాదికోసారి జీపు దిగి సంతకం పెట్టడం ఇందులోకి రాదు. నెలనెలా రిజిస్టరు తెరిచి మళ్లీ లెక్కపెట్టి, ఆ సంఖ్యను నివేదికలోని సంఖ్యతో భాగించాలి. రిజిస్టరులో 80, నివేదికలో 100 ఉంటే వచ్చేది 0.8, అంటే ఎక్కువ చేసి చెప్పారన్నమాట. శాతాల్లో హారం మీద కన్నుండాలి. క్షయ చికిత్సకు 50 మంది నమోదై 40 మంది పూర్తిచేస్తే విజయం 80 శాతం. జాడ తెలియని ఆరుగురిని హారంలోంచి తీసేస్తే అదే 91 అవుతుంది. మందు ఒక్క మాత్ర కూడా అదనంగా పడలేదు!

ఈ చూపు లోపిస్తే దాని పేరు ఉపేక్ష. అదీ ఈ ఈక్ష కుటుంబంలోదే. 2009లో ఖమ్మం జిల్లాలో గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాత్ అనే ఆరోగ్య సంస్థ చేపట్టిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే) టీకా ప్రాజెక్టును 2010లో ఆపేశారు. టీకా వేసుకున్న బాలికల్లో నమోదైన మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. అయినా, దుష్ఫలితాలను కనిపెట్టి నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది.

మీ కరదీపికలో ‘సూపర్‌విజన్’కు విడిగా అధ్యాయం ఉంటే పర్యవేక్షణను దానికి వదిలేసి, మానిటరింగ్‌ను తెలుగు లిపిలో అలాగే ఉంచడం మేలేమో. క్షేత్రంలో అందరూ అనేదీ అదే. అలాంటి అధ్యాయం లేకపోతే మీ జంట పదం ఉండవచ్చు, నాకు అభ్యంతరం లేదు. అంతకన్నా నన్ను బాధపెట్టేది ఔట్‌పుట్‌నూ ఔట్‌కమ్‌నూ కూడా ‘ఫలితం’ అనే రాయడం. 40 మంది ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం చేసిన పని. కాన్పైన 48 గంటల్లో వాళ్లు చూసివచ్చిన బాలింతల శాతం పెరగడం ఫలితం. శిశుమరణాలు తగ్గడం ప్రభావం. మొదటిదాన్ని ‘చేసిన పని’ అని మామూలు తెలుగులో రాస్తే ఏ నిఘంటువూ అడ్డు చెప్పదు.