వ్లదీమిర్‌ని ఎవరు ఏమని పిలుస్తారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి అందింది. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యం చదువుకునే మన పిల్ల, ఆమె అద్దెకున్న ఇంటి పెద్దాయన, ఆయన కొడుకు, ముగ్గురూ కళ్లకు కడుతున్నారు. పేరొక్కటే కుదరలేదు. ఆ పెద్దాయన్ని భార్య, పక్కింటావిడ, పోలీసు, మన పిల్ల, అందరూ మొదటి పేజీ నుంచి చివరిదాకా ‘వ్లాడిమిర్’ అనే పిలుస్తున్నారు. ఆ ఊళ్లో అలా జరగదు. మన సుబ్బారావునైనా తల్లి ‘సుబ్బా’ అంటుంది, చిన్ననాటి నేస్తం ‘ఒరే సుబ్బిగా’ అంటాడు, బ్యాంకులో ‘సుబ్బారావుగారూ’ అంటారు. రష్యన్లు, ఉక్రేనియన్లు లాంటి స్లావ్ జనంలో ఈ తేడాలన్నీ పేరు లోపలే ఉంటాయి. పేరు ఏ రూపంలో పలికారో వింటే చాలు, ఆ ఇద్దరి మధ్య ఎంత దూరముందో తెలిసిపోతుంది. అందుకే ఈ ఒక్క పేరుకే ఇంత ఉత్తరం.

ముందు పుట్టుక సంగతి. పేరులో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క ‘ఏలడం, అధికారం’ అనే అర్థమున్న పాత స్లావ్ ధాతువు. దక్షిణాన బల్గేరియా, సెర్బియా వైపు అది ‘వ్లద్’ అయింది. తూర్పున కీవ్ వైపు మధ్యలో ఒక అచ్చు చేరి ‘వొలొద్’ అయింది. లెనిన్‌గ్రాద్‌లోని ‘గ్రాద్’, నొవ్‌గొరద్‌లోని ‘గొరద్’ రెండూ పట్నమే. అక్కడ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. కీవ్ నేల మీద పుట్టిన రూపం వొలొదీమిర్. వ్లదీమిర్ అనేది చర్చి భాషతో పాటు దక్షిణం నుంచి వచ్చిన రూపం. మనకు తత్సమం, తద్భవం ఉన్నట్టే అనుకో. రష్యన్లు కాగితం మీద తత్సమాన్ని ఉంచుకున్నారు, ఇంట్లో ముద్దుగా పిలవడానికి మాత్రం తద్భవమే మిగిలింది. వ్లదీమిర్ అనే రష్యన్ ఇంట్లో వలోద్య కావడానికి కారణం ఇదే. నీ పాఠకుడికి ఈ రెండు పేర్లూ ఒక మనిషివేనని చటుక్కున తట్టదు. మొదటి అధ్యాయంలోనే, ఒకే సంభాషణలో, రెండూ పక్కపక్కన వినిపించాలి.

రెండో ముక్క దగ్గర నీ ముందుమాట తప్పింది. ‘ప్రపంచాన్ని ఏలేవాడు’ అని రాశావు. పాత రూపం ‘మేర్’. దానికి గొప్ప, పేరుమోసిన అని అర్థం, జర్మానిక్ పేర్ల చివర వచ్చే ‘మార్’కు చుట్టం. అంటే ‘ఏలుబడిలో గొప్పవాడు’. తర్వాతి కాలంలో జనం చెవికి అది ‘మిర్’ అయింది. మిర్ అంటే శాంతి, ప్రపంచం కూడా. 1918 లిపి సంస్కరణకు ముందు రష్యన్‌లో ఈ రెండు ‘మిర్’లకూ వేర్వేరు అక్షరాలుండేవి. పేరును ప్రపంచం అనే మాటకు వాడే అక్షరంతోనే రాసేవారు. ఆ రాత వల్ల ‘ప్రపంచాన్ని ఏలేవాడు’ అనే అర్థం ఇంకా పాతుకుపోయింది. నీ పాత్ర ఎవరైనా ఆ అర్థం గొప్పగా చెప్పుకుంటే చెప్పుకోనీ, అక్కడివాళ్లు నిజంగానే అలా నమ్ముతారు. రచయితగా నీ గొంతులో మాత్రం అది రాకూడదు. సంస్కృతంలోంచి ఏదో ఒక ధాతువు పట్టుకొచ్చి చుట్టరికం కలపాలనే కోరికను కూడా అణుచుకో.

పేరుకు కీర్తి తెచ్చింది కీవ్‌ను ఏలిన వ్లదీమిర్. 988లో క్రైస్తవం పుచ్చుకున్నాడు, 1015 జూలై 15న పోయాడు. బాప్తిస్మంలో ఆయనకు పెట్టిన పేరు వసీలీ. అయినా జనం నోట పాత స్లావ్ పేరే నిలిచింది. ఆయన వేయించిన నాణేల మీదా ‘సింహాసనం మీద వ్లదీమిర్’ అనే ఉంటుంది. తర్వాత చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించడంతో, క్రైస్తవ పంచాంగంలో చోటు దొరికిన కొద్దిపాటి స్లావ్ పేర్లలో ఇదీ ఒకటైంది. అయితే పేరు ఆయనతో పుట్టలేదు. అంతకు నూరేళ్ల ముందే, 889 నుంచి 893 దాకా బల్గేరియాను ఒక వ్లదీమిర్ ఏలాడు. పాత దేవుళ్లను తిరిగి నిలబెట్టబోయి తండ్రి చేతిలోనే పదవీ, కళ్లూ పోగొట్టుకున్నాడు. పేరు పెళ్లి సంబంధాలతో ఉత్తరానికీ వెళ్లింది. 1131లో పుట్టిన డెన్మార్క్ రాజు వాల్దెమార్‌కు ఆ పేరు తల్లి వైపు ముత్తాత, కీవ్ ప్రభువు వ్లదీమిర్ మొనమాఖ్ నుంచి వచ్చింది.

నీకు అక్కరకొచ్చే వివరం ఒకటి: నీ నవలలో పెద్దాయన పేరు పండుగ, అంటే ఆ పేరున్న పునీతుడి పండుగ రోజు, ఉంది, తేదీ వేయలేదు. కథలో ఆ పండుగ 2021లో వస్తోంది కాబట్టి అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు అది జూలై 28. ఆర్థడాక్స్ చర్చ్ ఆఫ్ ఉక్రెయిన్ 2023 సెప్టెంబరులో కొత్త పంచాంగానికి మారింది, అప్పటి నుంచి ఆ చర్చి వాళ్లకు జూలై 15. రెండో భాగం కథను 2024లో నడపబోతున్నావు కదా, అక్కడ మార్చడం మరిచిపోకు.

ఇక అసలు సంగతి, పిలుపులు. పెద్దాయన తండ్రి పేరు ఇవాన్ అని రాశావు. కాబట్టి బయటివాళ్లు మర్యాదగా పిలిస్తే వొలొదీమిర్ ఇవానొవిచ్, రష్యన్‌లో అయితే వ్లదీమిర్ ఇవానొవిచ్. ఈ ‘ఇవానొవిచ్’ ఇంటిపేరు కాదు, ‘ఇవాన్ కొడుకు’ అని. నువ్వు దాన్ని ఇంటిపేరనుకుని కొడుకును కూడా ‘ఆంద్రీ ఇవానొవిచ్’ చేశావు. తెలుగు రచయితలు ఎక్కువగా పడే గొయ్యి ఇదే, ఎందుకంటే మనకు తరతరాలకూ మారనిది ఇంటిపేరు. అక్కడ తండ్రి పేరు ప్రతి తరానికీ మారుతుంది. కొడుకు ఆంద్రీ వొలొదీమిరొవిచ్, కూతురుంటే వొలొదీమిరివ్న. రష్యన్‌లో వ్లదీమిరవిచ్, వ్లదీమిరవ్న. అసలు ఇంటిపేరు వేరే ఉంటుంది. పోలీసు స్టేషన్ రిజిస్టరులో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, తండ్రి పేరు చివర రాస్తారు. మనవాళ్లకు కొత్త కాదు, అక్కడ వరుస ఎందుకు తిప్పావు?

పేరూ తండ్రిపేరూ కలిపి పిలిచాక ‘గారు’ తగిలించకు. మర్యాద అందులోనే ఉంది, క్రియ ‘మీరు’కు తగ్గట్టు పెడితే సరిపోతుంది. ‘మిస్టర్ వ్లాడిమిర్’ ఇంగ్లీషు అనువాదాల్లోంచి దిగిన మాట, కొట్టెయ్. రష్యన్‌లోనూ ఉక్రేనియన్‌లోనూ మన నువ్వు, మీరు లాంటి రెండు మాటలున్నాయి. ఇంగ్లీషు మీదుగా వస్తే ఆ తేడా దారిలో రాలిపోతుంది. తెలుగులో రాసేవాడికి ఇంతటి సౌకర్యం చేతిలో ఉండి వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. పేరు మారిన చోట సర్వనామమూ మారాలి. ‘వొలొదీమిర్ ఇవానొవిచ్, మీరు కూర్చోండి.’ ‘వలోద్యా, కూర్చో.’ ఈ రెండింటినీ కలగలిపి ‘వలోద్యా, మీరు కూర్చోండి’ అంటే చదివేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది.

వలోద్య, వోవ రెండూ రోజువారీ దగ్గరి పిలుపులు. భార్య, అన్నదమ్ములు, ఈడువాళ్లు అలా అంటారు. వలోదెన్క అంటే గారాబం. వోవ్క, వలోద్క అంటే మన ‘గాడు’ చేర్చినట్టే: బడి నేస్తాల మధ్య చనువు, ముక్కూమొహం తెలియనివాడు అంటే తక్కువ చేయడం. నీ పోలీసు పెద్దాయన్ని అవమానించే చోట మూడు వాక్యాల తిట్లు రాశావు. అవన్నీ తీసేసి, తండ్రిపేరు మింగేసి, ‘నువ్వు’తో ఒక్కసారి ‘వోవ్క’ అనిపించు. వోవచ్క దగ్గర జాగ్రత్త. ముద్దుపేరే కానీ, రష్యన్ జోకుల్లో బడిలో అల్లరి చేసే పిల్లాడి పేరూ అదే. నలుగురిలో నడివయసు మనిషిని అలా పిలిస్తే నవ్వొస్తుంది.

మన పిల్ల మొదట్లో వొలొదీమిర్ ఇవానొవిచ్ అనాలి. చనువు పెరిగాక ‘ద్యాద్య వోవ’ అనవచ్చు. ద్యాద్య అంటే బాబాయ్, మామయ్య. రక్తసంబంధం లేని పెద్దవాళ్లనూ పిల్లలు అలాగే పిలుస్తారు. ‘వోవ బాబాయ్’ అని రాస్తే తెలుగు చెవికి హాయిగానే ఉంటుంది కానీ, ఆ ఇల్లు ఖార్కివ్ నుంచి గుంటూరు వచ్చేస్తుంది. నేనైతే ‘ద్యాద్య’నే ఉంచి, ఆ పిల్ల ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పే మాటలో అర్థం తెలిసేలా చేస్తాను.

వలోద్య, వోవ చివర అకారం విని మన పాఠకుడు ఆడపేర్లనుకుంటాడు. కాబట్టి అలాంటి పేరు మొదటిసారి వచ్చిన వాక్యంలో క్రియ ‘వచ్చాడు’, ‘నవ్వాడు’ అని ఉండాలి. ‘వచ్చారు’ అంటే అనుమానం అలాగే మిగులుతుంది.

‘వ్లాడ్’ అని పొట్టి చేశావు. అది ఎక్కువగా వ్లదిస్లావ్ అనే వేరే పేరుకు పొట్టి రూపం. ఈ తరం వ్లదీమిర్‌లలో కొందరికి ఉండొచ్చు, 1956లో పుట్టిన నీ పెద్దాయనకు అతకదు. వ్లద్‌లెన్ ఇంకో పేరు, వ్లదీమిర్ లెనిన్‌లోంచి సోవియట్ కాలంలో అతికించింది. విలెన్ కూడా అంతే. లెనిన్‌ను తిరగేస్తే ఆడపిల్లకు నినెల్. 1917కు ముందు నడిచే కథలో ఇవి కనబడకూడదు.

దేశం మారితే పేరూ మారుతుంది. బెలరూస్‌లో ఉలద్జీమిర్, కానీ మన ‘జడ’లోని దంత్య జకారం ఇకారం ముందు నిలవదు గనుక తెలుగులో ఎలా రాసినా కొంత పోతుంది. పోలండ్‌లో వ్వొజీమ్యెష్, ఇంట్లో వ్వోదెక్. ఇంగ్లీషు అక్షరాలు చూసి ‘వ్లోడ్జిమియెర్జ్’ అని రాసేవాళ్లున్నారు, అలా ఎవరూ పలకరు. చెక్‌లో చివరి అచ్చు దీర్ఘం, వ్లదిమీర్, పొట్టిగా వ్లాద్య. సెర్బియాలో వ్లాద, వ్లాదొ. పశ్చిమ ఉక్రెయిన్‌లో వొలీన్ ప్రాంతంలోని వొలొదీమిర్ పట్నం పేరు లాటిన్‌లో లొదొమేరియాగా మారి, 1772లో ఆస్ట్రియా కలుపుకున్న గలీసియా లొదొమేరియా రాజ్యం పేరులో చేరింది. అంత దూరం నీకు అక్కర్లేదు, కానీ పాత పటాల్లో చూసి తికమకపడకు.

తెలుగు రాత విషయం. రష్యన్ ‘ద’ దంత్యం, కాబట్టి ‘డ’ వద్దు. ఊనిక రెండో అచ్చు మీద పడుతుంది, ఊనిక పడ్డ అచ్చు కాస్త సాగుతుంది. అందుకే పత్రికల్లో కనిపించే ‘వ్లాదిమిర్’ కన్నా ‘వ్లదీమిర్’ ఉచ్చారణకు దగ్గర. రష్యన్‌లో ఊనిక లేని ఒకారం అకారంలా వినబడుతుంది, అందుకే వలోద్య. ఉక్రేనియన్‌లో ఒకారం ఒకారంగానే ఉంటుంది, ఊనిక మూడో అచ్చు మీద: వొలొదీమిర్. ఉక్రేనియన్‌లో పిలుపుకు మన రాముడు ‘రామా’ అయినట్టు ‘వొలొదీమిరె’ అనే రూపమూ ఉంది. అది ప్రతిచోటా పెడితే కొత్త పాత్ర వచ్చిందనుకుంటారు, ఒకచోటే వాడు. విభక్తి చేర్చేటప్పుడు పొల్లు తర్వాత, అక్షరాలు అతుక్కోకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ నొక్కు. లేకపోతే ‘వ్లదీమిర్‌కి’ కాస్తా ‘వ్లదీమిర్కి’ అయి కూర్చుంటుంది. నీ ప్రతిలో రెండు రకాలూ ఉన్నాయి, ‘వెతుకు’ ఆదేశంతో ఒకేసారి దిద్దేయొచ్చు.

ఏ రూపం ఎంచుకోవాలనేది చివరి ప్రశ్న. ఖార్కివ్‌లో చాలా ఇళ్లలో రష్యన్ మాట్లాడేవాళ్లు. సోవియట్ ఉక్రెయిన్ పాస్‌పోర్టులో రెండు భాషల్లోనూ పేరుండేది కాబట్టి ఆయన ఒకే పుస్తకంలో వ్లదీమిర్, వొలొదీమిర్ రెండూనూ. కథనంలో నువ్వు వొలొదీమిర్ అను. భార్య వలోద్య అంటుంది, ఆఫీసు కాగితం వొలొదీమిర్ ఇవానొవిచ్ అంటుంది. కొడుకు యుద్ధం మొదలైన రోజున తండ్రి గురించి ఎవరితోనో ఫోన్‌లో చెప్పే చోట, అప్పటిదాకా రష్యన్‌లో మాట్లాడినవాడు ఉక్రేనియన్‌కు మారతాడని నువ్వు ఒక పేరా వివరణ రాశావు. ఆ పేరా తీసెయ్. అప్పటిదాకా అతని నోట ‘వ్లదీమిర్ ఇవానొవిచ్’ అనిపించి, అక్కడ ఒక్కసారి ‘వొలొదీమిర్ ఇవానొవిచ్’ అనిపించు. దిద్దిన ఆ అధ్యాయం ఒక్కటే ముందు పంపు, మిగతావి తర్వాత చూద్దాం.