వీపీఎన్ లండన్ అంటోంది, గూగుల్ కూకట్‌పల్లి అంటోంది: తేడా ఎక్కడ?

అడిగినవారి సంగతి ఇది. కూకట్‌పల్లిలో ఇంటి వైఫై, విండోస్ 11 ల్యాప్‌టాప్, డబ్బు కట్టి తీసుకున్న వీపీఎన్ (మన నెట్ ట్రాఫిక్‌ని వేరే ఊళ్లోని సర్వర్ గుండా పంపే సేవ). లండన్‌కి కనెక్ట్ అయినట్టు ఆకుపచ్చ గుర్తు వస్తోంది. అయినా గూగుల్‌లో బిర్యానీ అని కొడితే కూకట్‌పల్లి హోటళ్లే వస్తున్నాయి, షాపింగ్ సైట్లు రూపాయల్లోనే ధరలు చూపిస్తున్నాయి. సర్వర్లు మార్చి చూశారు. ఇక కంపెనీనే మార్చేయాలా, ఫోన్‌లో అయితే ఏం చేయాలి అని అడుగుతున్నారు.

మార్చకండి. ముందుగా, ఆ తప్పు లొకేషన్ ఎంత కచ్చితంగా ఉందో చూడండి. రోగం సగం అక్కడే తెలిసిపోతుంది. ఐపీ అడ్రస్‌కి, అంటే నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబర్‌కి, పేటలు, వీధులు తెలియవు. వీపీఎన్ లేనప్పుడు కూడా మన ఇళ్లలోని ఐపీలు చాలాసార్లు ముంబై అనో ఢిల్లీ అనో కనిపిస్తాయి, హైదరాబాద్ అని సరిగ్గా వస్తే అదే ఎక్కువ. మరి కూకట్‌పల్లి అని పేట పేరుతో సహా వస్తోందంటే ఆ మాట ఐపీ చెప్పింది కాదు, మీ ల్యాప్‌టాప్ స్వయంగా చెప్పింది. మీ వీపీఎన్ బహుశా దాని పని అది చేస్తూనే ఉంది.

ల్యాప్‌టాప్‌లో జీపీఎస్ లేదు కదా అంటారు. అవసరం లేదు. చుట్టూ ఉన్న వైఫై రౌటర్లు ఒక్కోటీ తన హార్డ్‌వేర్ నంబర్ గాల్లోకి పంపుతూనే ఉంటాయి. ఏ నంబర్ ఎక్కడ ఉందో ఆండ్రాయిడ్ ఫోన్ల ద్వారా గూగుల్ దగ్గర ఎప్పుడో నమోదైపోయింది. అపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే పైవాళ్లవి, కిందివాళ్లవి కలిపి పది పదిహేను రౌటర్లు కనిపిస్తాయి. ఆ నంబర్ల జాబితా పంపితే మీ బ్లాక్ ఎక్కడుందో కొన్ని పదుల మీటర్ల తేడాతో తిరిగి వస్తుంది. ఆ జాబితా టన్నెల్ గుండా, అంటే వీపీఎన్ వేసిన రహస్య దారి గుండా, లండన్ వెళ్లి వచ్చినా అందులో రాసి ఉన్నది కూకట్‌పల్లే. వైఫై పేరు చివర ఇంగ్లిష్‌లో అండర్‌స్కోర్, నోమ్యాప్ అని చేరిస్తే గూగుల్ మీ రౌటర్‌ని వదిలేస్తుంది, నిజమే. కానీ పక్కింటివాళ్ల రౌటర్లు ఉంటాయి కాబట్టి అపార్ట్‌మెంట్లలో దానివల్ల పెద్ద ఉపయోగం లేదు.

ఇది రూఢి చేసుకోవడం తేలిక. గూగుల్ సెర్చ్ పేజీ అట్టడుగున ఊరి పేరు, దాని పక్కనే అది ఎలా తెలిసిందో కూడా ఉంటుంది. ‘ఫ్రమ్ యువర్ డివైస్’ అని ఉంటే పైన చెప్పిన వైఫై వ్యవహారమే. ‘ఫ్రమ్ యువర్ ఐపీ అడ్రస్’ అని ఉంటే ట్రాఫిక్ వీపీఎన్ దాటి బయటికి కారుతోంది, లేదా సర్వర్ ఐపీ ఏ దేశానిదో తప్పుగా నమోదై ఉంది. మీ స్థలాల ఆధారంగా అనో, గత యాక్టివిటీ ఆధారంగా అనో ఉంటే అది మీ గూగుల్ అకౌంట్ పని: మ్యాప్స్‌లో హోమ్ అని సేవ్ చేసుకున్న అడ్రస్, పాత వెతుకులాటలు. ఈ ఒక్క లైను చదవకుండా గంటల తరబడి సర్వర్లు మార్చేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కస్టమర్ కేర్ వాళ్లు కూడా ఈ లైను చదవమని చెప్పరు, వేరే సర్వర్ ప్రయత్నించండి అంటారు.

డివైస్ అని వస్తే చేయాల్సింది ఇది. క్రోమ్‌లో అడ్రస్ బార్ ఎడమ చివర ఉన్న గుర్తు నొక్కి, ఆ సైట్‌కి లొకేషన్ పర్మిషన్ బ్లాక్ చేయండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్‌కి వెళ్లి ఆఫ్ చేయండి. క్రోమ్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి, ట్యాబ్ రిఫ్రెష్ చేస్తే చాలదు.

రూపాయల ధరలది వేరే కథ. షాపింగ్ సైట్ మీ కుకీల్ని (బ్రౌజర్‌లో సైట్ దాచుకునే చిన్న గుర్తుల్ని), డెలివరీ అడ్రస్‌ని, కార్డు దేశాన్ని గుర్తుపెట్టుకుంటుంది. వీపీఎన్ కనెక్ట్ చేశాక, లాగిన్ కాకుండా, కొత్త ఇన్‌కాగ్నిటో విండోలో అదే సైట్ తెరవండి. అక్కడ పౌండ్లు కనిపిస్తే వీపీఎన్ బాగున్నట్టే, కుకీలు తుడవండి. లాగిన్ అయ్యాక మళ్లీ రూపాయలే వస్తే అది అకౌంట్ దేశం, దాన్ని ఏ వీపీఎన్నూ మార్చలేదు. ప్లే స్టోర్ కూడా అంతే: దేశం మార్చాలంటే ఆ దేశపు పేమెంట్ పద్ధతి కావాలి, అదీ ఏడాదికి ఒక్కసారే. ఇన్‌కాగ్నిటోలోనూ ఇండియా అనే వస్తే కిందిది చదవండి.

మన దగ్గర అసలు దొంగ ఐపీవీ6, అంటే ఐపీ అడ్రస్‌లలో కొత్త రకం. జియో, ఎయిర్‌టెల్ రెండూ ఐపీవీ6ని విస్తారంగా ఇస్తున్నాయి, గూగుల్, ఫేస్‌బుక్, నెట్‌ఫ్లిక్స్ దాన్ని అందుకుంటాయి. కొన్ని వీపీఎన్లు పాత ఐపీవీ4 ట్రాఫిక్‌ని మాత్రమే టన్నెల్‌లోకి తీసుకుని కొత్తదాన్ని గాలికి వదిలేస్తాయి. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తెరిచిపెట్టినట్టు. అప్పుడు ఒక సైట్ లండన్ అంటుంది, ఇంకో సైట్ ఇండియా అంటుంది, మనకి పిచ్చెక్కుతుంది. వీపీఎన్ ఆన్‌లో ఉంచి టెస్ట్ ఐపీవీ6 డాట్ కామ్ తెరిస్తే రెండు అడ్రస్‌లూ చూపిస్తుంది. ఐపీవీ6 అడ్రస్ 2409తో మొదలై జియో పేరు కనిపించినా, 2401:4900తో మొదలై ఎయిర్‌టెల్ పేరు కనిపించినా లీకు దొరికినట్టే. వీపీఎన్ యాప్ సెట్టింగ్స్‌లో ఐపీవీ6 లీక్ ప్రొటెక్షన్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి, వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 6 ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. వీపీఎన్ సొంత అడాప్టర్ జోలికి మాత్రం పోవద్దు. తర్వాత వీపీఎన్ తెంచి మళ్లీ కలపండి.

వీపీఎన్ యాప్‌లోనే స్ప్లిట్ టన్నెలింగ్ కూడా చూడండి, అంటే కొన్ని యాప్‌లని వీపీఎన్ బయట ఉంచే సెట్టింగ్. ఎప్పుడో క్రోమ్‌ని మినహాయింపుల్లో పెట్టి మరిచిపోయి ఉండొచ్చు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌గా వేసుకున్న వీపీఎన్ అయితే ఆ బ్రౌజర్‌కే పనిచేస్తుంది, మిగతా యాప్‌లకి దాంతో సంబంధం లేదు.

ఇక సర్వర్ అబద్ధం ఆడే సందర్భం. కంపెనీలు ఒక ఊరి పేరు పెట్టి యంత్రాన్ని వేరే దేశంలో ఉంచడం మామూలే, దీన్నే వర్చువల్ లొకేషన్ అంటారు. దీన్ని పట్టుకోవడానికి భౌతికశాస్త్రం చాలు. హైదరాబాద్ నుంచి లండన్‌కి సుమారు 7,700 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. రానూపోనూ 77 మిల్లీసెకన్ల కంటే తక్కువ అసాధ్యం, కేబుళ్లు వంకర తిరిగి వెళ్తాయి కాబట్టి నిజానికి వంద దాటుతుంది. వీపీఎన్ ఆపి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ సర్వర్ ఐపీకి పింగ్ కొట్టండి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపిస్తుంది. జవాబు 50, 60లో వస్తే అది లండన్ కానే కాదు. కొన్ని సర్వర్లు పింగ్‌కి జవాబివ్వవు, అప్పుడు ఈ పరీక్ష కుదరదు.

అమెరికా నుంచి ఇండియా ఐపీ కోసం వెతికే మనవాళ్లకి ఇది బాగా తగిలింది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు వాడకందారుల వివరాలు 5 ఏళ్లు దాచాలని ఆదేశించాక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఎక్స్‌ప్రెస్ వాళ్లు ఇండియా అని చూపించి సింగపూర్ నుంచో బ్రిటన్ నుంచో నడిపారు. ఏ ఐపీ ఏ దేశానిదో నమోదు చేసే డేటాబేస్‌లో ఇండియా అని ఉంటే సైట్ నమ్ముతుంది, లేకపోతే లేదు.

దీనికి తిరగబడ్డ రూపం ఒకటి ఉంది. ఒకే లండన్ సర్వర్‌ని ఫోన్ జీపీఎస్ ఆన్‌లో ఉంచి ఎక్కువమంది ఇండియన్లు వాడితే, ఆ ఐపీ ఇండియాలో ఉందని గూగుల్ నేర్చేసుకుంటుంది. ఉచిత వీపీఎన్లలో ఈ గోల ఎక్కువ, ఎందుకంటే కొద్దిపాటి ఐపీల మీద వేలమంది పడతారు. డబ్బు కట్టనివాళ్ల ట్రాఫిక్‌తో ఆ యాప్‌లు ఏం చేస్తాయో ఆలోచించకుండా, బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లోనే వాటిని ఇన్‌స్టాల్ చేయడం మన ఊళ్లో మరీ మామూలైపోయింది. దయచేసి మానండి.

ఫోన్ గురించి కూడా అడిగారు. ఫోన్‌లో జీపీఎస్‌తో పాటు సిమ్ కూడా ఉంది. ఇండియా సిమ్‌ల దేశ సంకేతం 404 లేదా 405. సిమ్ ఏ దేశానిదో తెలుసుకోవడానికి ఆండ్రాయిడ్‌లో యాప్‌కి ఏ పర్మిషనూ అక్కర్లేదు. అలాంటి యాప్ దగ్గర వీపీఎన్ ఎంత మార్చినా ప్రయోజనం లేదు, బ్రౌజర్‌లో అదే సైట్ తెరిచి చూడండి. ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేస్తే వీడియోని టీవీ తన సొంత కనెక్షన్‌తో నేరుగా లాక్కుంటుంది, ఫోన్‌లోని వీపీఎన్ దానికి వర్తించదు. టీవీలోనో రౌటర్‌లోనో వేయాల్సిందే.

హైటెక్ సిటీ ఆఫీసుల ల్యాప్‌టాప్‌ల సంగతి కూడా చెప్పాలి. చాలా కంపెనీల వీపీఎన్ ఆఫీసు అడ్రస్‌లని మాత్రమే టన్నెల్‌లోకి పంపుతుంది, యూట్యూబ్ నేరుగా మీ ఇంటి లైన్ మీదే పోతుంది. అక్కడ హైదరాబాద్ కనిపించడం లోపం కాదు, ఐటీ వాళ్లు కావాలని అలా పెట్టారు. దాని సెట్టింగ్స్ మార్చకండి.

ఇవన్నీ చూశాక కూడా ఇన్‌కాగ్నిటోలో, లొకేషన్ బ్లాక్ చేసి, ఐపీవీ6 ఆపి, సెర్చ్ పేజీ అడుగున ఐపీ అడ్రస్ నుంచి అనే చూపిస్తూ ఇండియా వస్తుంటే అప్పుడు కంపెనీకి రాయండి. ‘లొకేషన్ మారట్లేదు’ అని రాస్తే మళ్లీ సర్వర్ మార్చమంటారు. సర్వర్ పేరు, బయటికి కనిపిస్తున్న ఐపీ, ఏ సైట్ ఏ దేశం చూపించింది, ఏ సమయానికి అన్నవి రాసి, ఈ ఐపీ నమోదుని అలాంటి డేటాబేస్ నడిపే మ్యాక్స్‌మైండ్ దగ్గర, గూగుల్ దగ్గర సరిచేయించమని అడగండి. మ్యాక్స్‌మైండ్‌కి దిద్దుబాటు ఫారం ఉంది. మీ ప్లాన్‌కి 30 రోజుల రీఫండ్ గడువు ఉంటే, అది ముగియకముందే రాయండి.