పాఠకుల ప్రశ్నలు: కందకంలో బురద, దిబ్బ కింద చార

ప్రశ్న: మా అమ్మాయి ఉంటున్న ఇంగ్లండ్ సఫోక్‌లో, పొలాల మధ్య చదరపు కందకాలు చూశాను. లోపల ఉత్త గడ్డి దిబ్బ. వరంగల్ కోటకు కందకమంటే సరే, ఇక్కడ కోటే లేదే? అడుగు బురద పరీక్షిస్తే ఎప్పుడు తవ్వారో తెలుస్తుందా?
– హనుమకొండ పాఠకుడు

జవాబు: అది కోట కాదు, మేనర్. మన దివాణం లాంటిది: దొరగారి ఇల్లు, వంటశాల, గాదెలు. ఇలాంటివి అక్కడ వేలల్లో ఉన్నాయి, ఎక్కువ భాగం 1250–1350 మధ్యవి. సైన్యాన్ని ఆపేంత బలం చాలావాటికి లేదు. హోదా చూపడానికి, దొంగలనూ పశువులనూ ఆపడానికి, చేపలకు పనికొచ్చేవి. నేల బంకమట్టి కాబట్టి నీరు నిలిచేది.

అడుగు బురదను నమ్మితే మాత్రం పప్పులో కాలేసినట్టే. కందకానికి అప్పుడప్పుడూ పూడిక తీసేవారు. 1270లో తవ్విన దాని అడుగున 1500 నాటి కుండపెంకు దొరకొచ్చు. అది ఆఖరి పూడికతీత తర్వాత పడింది. తవ్విన కాలం ఆనవాలు దిబ్బలో వెతకాలి. తవ్విన మట్టిని చాలాచోట్ల లోపలే పోసి ఎత్తు చేశారు. ఆ పోత కింద పాత నేల సన్నటి నల్ల చారలా కనిపిస్తుంది. చారలో చిక్కిన పెంకుల్లో అన్నిటికన్నా కొత్తది ఏ కాలానిదో చూడండి. కందకం అంతకు ముందుది కాదు. అందుకే అడ్డకోతను (పొరలు చూడటానికి కందకానికి అడ్డంగా తవ్వే గుంటను) గట్టు దగ్గర ఆపేయకుండా దిబ్బలోకి పొడిగించాలి. ఖర్చు తగ్గించుకోబోయి ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే.

వంతెన ఓక్ దుంగలు దొరికితే అదృష్టం. చెట్టు ఏడాదికొకటి వేసే వలయాలు 50కి పైగా, బెరడు అంచు ఉండి, ఏళ్లు తెలిసిన పాత వలయాల వరసతో సరిపోలితే చెట్టు కొట్టిన ఏడాదే తేలుతుంది. అంచు చెక్కేసి ఉంటే ‘ఫలానా ఏడాది తర్వాత’ అనడమే. ఈ వంతెనలో పనిలేని అతుకు రంధ్రాలు కనబడితే పాత ఇంటి దుంగ తెచ్చి వేశారేమో అనుమానించాలి.

ప్రశ్న: అలాంటి దుంగను కడిగి ఎండబెట్టి దాచవచ్చా?

జవాబు: వద్దు. గాలి చొరని బురదలో నానిన కర్రకు ఆకారం నిలిపేది లోపలి నీరే. అది ఆరితే కర్ర పగిలి ముడుచుకుపోతుంది. బర్మింగ్‌హామ్ వియోలీ కాజిల్‌లో 13వ శతాబ్దపు చెక్క గోడలు మిగిలింది తడి వల్లనే. తీసిన దుంగను తడిపి, పాలిథీన్ చుట్టి, చల్లటి చీకటిలో ఉంచాలి. తర్వాత నీటి చోటును నింపే మైనం లాంటి పాలిఎథిలిన్ గ్లైకాల్‌లో నెలల తరబడి నానబెట్టాలి. గింజలు, పురుగుల రెక్కల కోసం బురదను 10–20 లీటర్లు మూత బకెట్‌లో తడిగానే పంపండి. ఆరాక అవి పొడైపోతాయి.

ఇంకో మాట. ఆ దిబ్బ రక్షిత స్మారకమైతే బ్రిటన్ 1979 పురాతన స్మారకాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా తవ్వడమే కాదు, మెటల్ డిటెక్టర్ తిప్పడమూ నేరమే.