ఇరవై వేల అర్జీ: బిడ్డకు పెద్దనాయన ఉత్తరం

బిడ్డా,

అల్లుడి దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక ఇల్లు ఎట్లుంటుందో నాకు తెలుసు. ఫోన్లో చెబితే ఇప్పుడు నీ మనసుకు ఎక్కదు, అందుకే రాస్తున్నా. తమ్ముడి చేత కూడా చదివించు.

"గుండెపోటుతో పోయినోళ్లకు డబ్బులు ఎట్లిస్తారు పెద్దనాయనా" అన్నావు మొన్న. ఇస్తారు. యాక్సిడెంట్ అయితేనే అనుకుని ఎంతోమంది అర్జీ పెట్టకుండానే ఊరుకున్నారు. తెల్ల కార్డు కుటుంబాల్లో ఇల్లు నడిపే మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఏ కారణంతో పోయినా 20,000 రూపాయలు వస్తాయి. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం దాని పేరు. ఆఫీసులో ఎన్‌ఎఫ్‌బీఎస్ అను, అట్లయితేనే గుర్తుపడతారు. 2012 నుంచి అదే మొత్తం, పెంచింది లేదు. అయినా పిల్లల ఫీజులకు ఆసరా అయితది. అడగడానికి చిన్నతనం అనుకోకు. ఇది నీ హక్కు.

అన్నిటికంటే ముందు మరణ ధ్రువపత్రం. అల్లుడు పోయింది వరంగల్ ఆసుపత్రిలో కాబట్టి నమోదు అక్కడి కార్పొరేషన్‌లోనే జరుగుతుంది, మన పంచాయతీలో కాదు. 21 రోజుల్లోపు అయితే ఖర్చుండదు. దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే పైఅధికారి అనుమతి కావాలి. తమ్ముణ్ణి రేపే పంపు. ఆసుపత్రి వాళ్లు పేరు ఎట్లా రాసి పంపారో ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోమను.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మీ నాయన పోయినప్పుడు ఆధార్‌లో మల్లేశం, మరణ ధ్రువపత్రంలో మల్లయ్య అని పడింది. మీ అమ్మ ఆ రెండు కాయితాలు కొంగులో మడిచి పట్టుకుని ఏడు నెలలు తిరిగింది. చెమటకు మడతల దగ్గర అక్షరాలే చెరిగిపోయినయి. మండలాఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన నేను ఆ రోజు దుఃఖంలో పేరు సరిచూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ధ్రువపత్రం చేతికొచ్చాక అర్జీ తహసీల్దార్ ఆఫీసులో ఇవ్వాలి. ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, నీ పేరు మీదున్న బ్యాంకు పాస్‌బుక్, నీ ఫొటోలు జతచెయ్యి. అసలు కాయితాలు ఎవరి చేతికీ ఇవ్వకు, జిరాక్సులే ఇవ్వు. అర్జీకి ఇంకో కాపీ తీసి, దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకో. అది లేకుంటే రేపు "నువ్వు ఎప్పుడిచ్చినవమ్మా" అంటారు. తర్వాత గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, విచారణకు వస్తాడు. అల్లుడి కూలి సంగతి, పిల్లల సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. పైరవీకారు ఎవడైనా "వెయ్యి ఇస్తే నేను చూసుకుంటా" అంటే గడప దాటనీయకు. ఆలస్యం చేస్తే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోదాం, నేనూ వస్తా.

అల్లుడి పేరు మీద ఒక్క గుంట పట్టా ఉన్నా రైతు బీమా ఐదు లక్షలు వచ్చేవి. లేదు, ఏం చేస్తాం. కానీ ఆయన బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీ వేయించి చూడు. మే నెలాఖరులో 436 రూపాయలు కోసినట్టు పద్దు కనబడితే అది జీవనజ్యోతి బీమా, 2 లక్షలు. చాలామందికి అకౌంట్లో ఆ డబ్బు కోస్తున్నారన్న సంగతే తెలియదు. ఉంటే బ్యాంకులో వెంటనే చెప్పాలి, ఖాతా మూసెయ్యమని మాత్రం అడగకు. వితంతు పింఛన్ వేరు, దానికి ఎంపీడీవో ఆఫీసులో వేరే అర్జీ పెట్టాలి. ఈ ఇరవై వేలు తీసుకుంటే పింఛన్ రాదని ఎవరన్నా అంటే నమ్మకు.

శనివారం మొదటి బస్సుకు వస్తున్నా. రేకు పెట్టెలో ఆయన దాచిన చీటీలు, రశీదులు ఏవీ పారెయ్యకు. కూర్చుని ఒక్కొక్కటి నేనే చూస్తా. వేళకు ఇంత తిను, బిడ్డా.

మీ పెద్దనాయన