నలభై దాటిన గార్డును సెంటర్‌గా ఆడించవచ్చా?

మీ బాస్కెట్‌బాల్ జట్టులో ఇరవై ఏళ్లుగా పాయింట్ గార్డుగా, అంటే బంతిని ముందుకు తెచ్చి పంచేవాడిగా, ఆడుతున్న సీనియర్‌కు వేగం తగ్గిందని, మనిషి పొడగరి కాబట్టి రింగు దగ్గర ఆడే సెంటర్‌గా పెట్టి చూద్దామా అని అడిగారు. లోపలికి మార్చండి. అయితే రింగు కిందికి కాదు, దానికి ఎదురుగా కాస్త దూరంలో ఉండే ఫ్రీ త్రో గీత దగ్గరికి. మూడేళ్ల కిందట శ్రీకాకుళంలో మా జట్టు ఇలా మార్చింది నన్నే.

అప్పటికి నాకు 42 ఏళ్లు. సిమెంటు కోర్టు మీద ఆడీ ఆడీ మోకాలు మొరాయిస్తోంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన కెప్టెన్ "బాబాయ్, రేపటి నుంచి మీరు రింగు కింద ఆడండి" అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మొదటి వారమంతా నవ్వులపాలయ్యాను. గార్డుకు రింగు ఎప్పుడూ కళ్లెదుట ఉంటుంది. సెంటర్‌కు అది వీపు వెనక. రింగు ముందున్న గడిలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. బంతి కోసం చెయ్యి చాచి, ఎటు తిరగాలా అని తడబడేలోపే ఆ మూడు సెకన్లు దాటేవి, విజిల్ పడేది. ఒక్క సాయంత్రమే నాలుగుసార్లు! పైగా ఇరవై ఏళ్ల కుర్రాళ్లు వెనక నుంచి నెడుతుంటే మోకాలి నొప్పికి నడుం నొప్పి తోడైంది.

రెండో వారం నన్ను బోర్డుకు 4.6 మీటర్ల దూరంలోని ఆ ఫ్రీ త్రో గీత బయట నిలబెట్టారు. అక్కడ మూడు సెకన్ల బెడద లేదు. బంతి అందుకుని ఒక కాలి మీద తిరిగితే చాలు, పాత దృశ్యమే. నన్ను చూడటానికి డిఫెండర్ తల తిప్పగానే, అతని వెనక నుంచి మా కుర్రాడు రింగు వైపు దూసుకుపోయేవాడు. నేలకు కొట్టి బంతి అందించడం ఒక్కటే నా పని. అది నాకు ఇరవై ఏళ్ల అలవాటు.

అమెరికా ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ది దీనికి సరిగ్గా తిరగబడిన దారి. ఏళ్ల తరబడి ఎక్కువగా రింగుకు దగ్గరగా ఉండే ఫార్వర్డ్‌గా ఆడిన ఆయనను 2019-20లో ఆయన జట్టు లేకర్స్ పాయింట్ గార్డుగా ఆడించింది. 35 ఏళ్లు నిండిన ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 10.2 అసిస్టులతో (తోటివాడు స్కోరు చేసేలా అందించే పాస్‌లు) అక్కడి లీగ్ ఎన్‌బీఏలోనే ముందు నిలిచాడు. బంతి పంచడం ఆయనకు కొత్తేమీ కాదు కదా, మారింది చోటు మాత్రమే.

మీరు అసలు తేల్చుకోవలసింది అవతలి జట్టులో మీ సీనియర్ ఎవరిని కాస్తారన్నది. బరువైన సెంటర్‌ను మాత్రం అప్పగించకండి. రెండు వారాలు సగం కోర్టులో ముగ్గురేసి ఆడి చూడండి, నేరుగా మ్యాచ్‌లో దింపవద్దు. ఇంకొక మాట, ఈ సంగతి ఆయనను పక్కకు పిలిచి చెప్పండి. మావాడు అందరి ముందూ అనేశాడు. ఇప్పటికీ అతనికి టీ డబ్బులు ఇవ్వాలంటే నాకు చెయ్యి రాదు.